చెల్లెలి పురుటికి అమెరికా వెళ్తే...

సిడ్నీలో మధ్యాహ్నం మూడు గంటలకు విమానం ఎక్కాను. పదిహేను గంటలకు పైగా కూర్చుని కూర్చుని, కాళ్లు వాచిపోయి డాలస్‌లో దిగేసరికి అక్కడ టైము మూడున్నర. అదీ అదే రోజు! అంటే గడియారం లెక్కన నేను అరగంటే ప్రయాణం చేశానన్నమాట. మధ్యలో తేదీ రేఖ దాటితే ఇలాగే ఉంటుందని చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్నదే. అయినా అనుభవంలోకి వస్తే వింతగానే అనిపించింది. ఎయిర్‌పోర్టుకి వచ్చిన మా చెల్లి నిండు చూలాలు. పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ, "అప్పుడే ఏం చూశావక్కా, ఇక్కడ అన్నీ ఇలాగే తిరగేసి ఉంటాయి" అంది.

మాది తెనాలి. పెళ్లయి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కి వచ్చి ఇరవై రెండేళ్లయింది. అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నాను. చెల్లి వాళ్లుండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ శివార్లలో. తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆచారం. పుట్టిల్లే ఆడపిల్ల దగ్గరికి వెళ్లడం ఈ కాలపు ఆచారం! అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. "నా బదులు నువ్వు వెళ్లవే పెద్దదానా" అంది. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు వీసా లేకుండానే, ఆన్‌లైన్‌లో ముందుగా అనుమతి తీసుకుని అమెరికా వెళ్లొచ్చు. కాకపోతే 90 రోజులు మించి ఉండకూడదు. అలా 2024 సెప్టెంబరు మొదటి వారంలో వెళ్లి, డిసెంబరు ఒకటో తేదీన తిరుగు ప్రయాణమయ్యాను.

సినిమాల్లోనూ, బంధువుల ఫొటోల్లోనూ కనిపించే అమెరికా వేరు. వంటింట్లోంచి, పురిటి గదిలోంచి నేను చూసిన అమెరికా వేరు. ఆ ముచ్చట్లే ఇవి.

స్విచ్చి పైకా... కిందికా?

చెల్లి అన్నమాట నిజమే. మొదటి వారమంతా నాకు తడబాటే. మన ఇండియాలోనూ, ఆస్ట్రేలియాలోనూ స్విచ్చి కిందికి నొక్కితే లైటు వెలుగుతుంది. అక్కడ పైకి ఎత్తాలి. ప్లగ్గు పెట్టే చోట అసలు స్విచ్చే ఉండదు, గుచ్చితే కరెంటు వచ్చినట్టే. కారు ఎక్కబోయి ప్రతిసారీ మా మరిది కూర్చోవాల్సిన డ్రైవరు సీటు దగ్గరికే వెళ్లి నిలబడేదాన్ని. "ఏం వదినగారూ, మీరు నడుపుతారా?" అని అతను నవ్వేవాడు.

కాఫీకి నీళ్లు పెడితే ఎంతకీ కాగవు. కెటిల్ పాడయిందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆస్ట్రేలియాలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. అందుకే అక్కడి కెటిల్ నిదానం. చెల్లయితే స్టవ్ మీద గిన్నె పెట్టి మన పద్ధతిలోనే కాచుకుంటుంది.

వంట కొలతల్లో ఇంకో తమాషా. బ్రిస్బేన్‌లో నేను కళ్లు మూసుకుని చేసే కొబ్బరి కేకు అక్కడ చేస్తే పిండి గట్టిగా ముద్దలా తయారైంది. చెయ్యి తప్పిందా అని బాధపడ్డాను. తప్పు చేతిది కాదు, చెంచాది! ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూను అంటే 20 మిల్లీలీటర్లు. అమెరికాలో 15. మీరెవరైనా విదేశీ వంటల పుస్తకం చూసి కేకు చేసేటప్పుడు ఆ పుస్తకం ఏ దేశానిదో చూసుకోండి మరి!

ఒక్క విషయంలో మాత్రం అమెరికా నాకు తెనాలిని గుర్తు చేసింది. అక్కడ జ్వరం ఫారన్‌హీట్‌లోనే చూస్తారు. ఆస్ట్రేలియాలో 38 డిగ్రీలు అంటే ఇప్పటికీ నాకు ఒక్క క్షణం ఆలోచించాలి. "నెలల పిల్లాడికి 100.4 దాటితే వెంటనే ఫోన్ చెయ్యండి" అని నర్సు చెప్పగానే ఇట్టే అర్థమైంది.

అట్ట మీద ఒక ధర, కౌంటరులో ఒక ధర

పుట్టబోయే బిడ్డకి దుప్పటి కొందామని దుకాణానికి వెళ్లాను. అట్ట మీద 20 డాలర్లని ఉంది. సరిగ్గా ఇరవై నోటు తీసి చేతిలో పట్టుకున్నాను. కౌంటరులో అమ్మాయి 21 డాలర్ల 65 సెంట్లు అడిగింది. నేను అట్ట చూపించాను. ఆ పిల్ల ఓపిగ్గా, "టాక్సు కలిపితే అంతవుతుందండీ" అంది. అక్కడ అమ్మకం పన్ను డాలరుకు ఎనిమిదింపావు సెంట్లు. ఆస్ట్రేలియాలో 2000 సంవత్సరం నుంచీ పది శాతం జీఎస్టీ ఉంది, కానీ అట్ట మీద వేసే ధరలోనే కలిపి వేస్తారు. అక్కడ అలా కాదు, ఎవరి లెక్క వాళ్లు మనసులో వేసుకుంటూ బుట్టలో వేసుకోవాలి. అన్నట్టు, 2023 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో పిల్లల డైపర్లు, పాలసీసాలు, ఆడవాళ్ల శానిటరీ ప్యాడ్లపై ఈ పన్ను తీసేశారట. సంతోషించాను.

హోటల్లోనూ అంతే. భోజనం బిల్లు కట్టాక, పైన పదిహేను ఇరవై శాతం టిప్పు ఇవ్వాలి. నాకు ఇది దండగ అనిపించింది. ఆస్ట్రేలియాలో టిప్పు ఇచ్చితీరాలన్న నియమమేమీ లేదు. ఆ మాటే పైకి అంటే, మరిది అసలు సంగతి చెప్పాడు. టిప్పు వచ్చే ఉద్యోగాల్లో యజమాని కచ్చితంగా ఇవ్వాల్సిన జీతం గంటకు 2 డాలర్ల 13 సెంట్లే. 1991లో పెట్టిన రేటు, కేంద్ర చట్టంలో ఇప్పటికీ మారలేదు. టిప్పుతో కలిపి గంటకు ఏడుంపావు డాలర్లు రాకపోతే తక్కువైంది యజమాని భర్తీ చేయాలి. కొన్ని రాష్ట్రాలు ఎక్కువ రేటు పెట్టుకున్నాయి గానీ టెక్సాస్‌లో ఇదే లెక్క. ఆస్ట్రేలియాలో 2024 జూలైలో కనీస వేతనం గంటకు 24 డాలర్ల పది సెంట్లు అయింది. వాళ్ల డబ్బులో సుమారు 16 డాలర్లు.

అప్పుడు మాకు వడ్డించినామె నాకు వేరుగా కనిపించింది. యాభై దాటి ఉంటాయి. నవ్వుతూ నాలుగుసార్లు వచ్చి మంచినీళ్ల గ్లాసులు నింపింది. చెల్లి పొట్ట చూసి, "నాకు ముగ్గురమ్మా, భయపడకు" అని భుజం తట్టింది. ఆ నవ్వు అబద్ధమని నేననను. కానీ ఆమె ఇంటద్దె మాత్రం ఆ నవ్వు మీదే ఆధారపడి ఉంది. ఇరవై శాతం పెట్టి వచ్చాను.

ఎండ ఉంది, తీగ లేదు

సెప్టెంబరులో డాలస్ ఎండ మన కోస్తా వేసవిని తలపిస్తుంది. పసివాడి గుడ్డలు ఇలా ఆరేస్తే అలా ఆరిపోతాయి కదా అని పెరట్లో తాడు కట్టబోయాను. చెల్లి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, కట్టకు! కాలనీ వాళ్లు నోటీసు పంపిస్తారు." వాళ్ల కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం ఒకటుంది. పచ్చిక ఎంత ఎత్తు పెరగొచ్చు, గోడకి ఏ రంగు వేయొచ్చు, అన్నిటికీ నియమాలే. బట్టలు బయటికి కనిపించేలా ఆరేయకూడదన్నది అందులో ఒకటి. అంత ఎండను బయట పెట్టుకుని, ఇంట్లో కరెంటు డ్రయర్‌లో గుడ్డలు ఆరబెట్టడం నాకు మనస్కరించలేదు. ఆస్ట్రేలియాలో పెరట్లో గొడుగులా తిరిగే దండెం లేని పాత ఇల్లు అరుదు. 1945లో అడిలైడ్ నగరంలో లాన్స్ హిల్ అనే ఆయన భార్య బట్టలు ఆరేసుకోవడానికని చేసిన దండెం, 'హిల్స్ హాయిస్ట్' పేరుతో దేశమంతా పాకిపోయింది. మా ఇంట్లోనూ ఉంది. డాలస్‌లో ఉన్నన్నాళ్లూ మొగుడికంటే ఎక్కువగా ఆ దండెమే గుర్తొచ్చిందంటే నమ్మండి!

నడక కూడా అంతే. కూరగాయల దుకాణం ఇంటికి కిలోమీటరున్నర కూడా లేదు. సంచీ పట్టుకుని బయల్దేరాను. వంద గజాలు వెళ్లేసరికి ఫుట్‌పాత్ అయిపోయింది. పచ్చిక మీద నడుస్తుంటే పక్కన కారు ఆగింది. "కారు చెడిపోయిందా? ఎక్కడికైనా దింపమంటారా?" అని అడిగిందొకావిడ. నడవడానికే బయల్దేరానంటే నమ్మలేకపోయింది. ఇంకో పది నిమిషాలకి ఇంకో కారు ఆగింది. అదే ప్రశ్న! నడవడానికి దారి వెయ్యని ఊళ్లో, నడిచే మనిషి కనబడితే మాత్రం ఇద్దరు ఆగి అడిగారు. ఈ సంగతి అప్పుడు నవ్వుకుని వదిలేశాను గానీ, తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం...

సెప్టెంబరు రెండోవారంలో బాబు పుట్టాడు. సుఖప్రసవం. రెండో రోజు ఇంటికి పంపించేశారు. వాము, మిరియాలు, కరివేపాకు కారం... అమ్మ ఫోన్‌లో చెప్పడం, నేను చేయడం. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఎనిమిదో రోజు పొద్దుటి నుంచీ చెల్లి తలనొప్పి అంటోంది. నిద్ర లేక అనుకున్నాం. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. సాయంత్రానికి, "అక్కా, కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నట్టుంది" అంది. పాదాలు చూస్తే పొంగి ఉన్నాయి. ఇంట్లో బీపీ మిషను ఉంటే పెట్టి చూశాను. పైది 168, కిందిది 110. నా గుండె జారిపోయింది.

హాస్పిటల్లో ఇచ్చిన కాగితంలో ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయొద్దని రాసి ఉంది. మరిది ఆఫీసులో ఉన్నాడు, రావడానికి గంట పడుతుంది. నేను ఫోన్ తీసి 911 నొక్కబోయాను. చెల్లి నా చెయ్యి పట్టుకుంది. "అంబులెన్సు వద్దక్కా. దాని బిల్లు ఎంతొస్తుందో ఎవరికీ తెలీదు. ఆయన్ని రానీ."

కళ్లు సరిగా కనపడక తల పట్టుకుని కూర్చున్న పిల్ల, నెలకి నేను కలలో కూడా చూడనంత జీతం తెచ్చుకునే ఇంజనీరు, బిల్లు గురించి భయపడుతోంది! మా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉండేవాళ్లకు అంబులెన్సుకి డబ్బు తీసుకోరు. ఆస్ట్రేలియాలో అన్ని రాష్ట్రాల్లో ఇలా లేదు గానీ, మా దగ్గర ఫోన్ చేయడానికి ఎవరూ రెండోసారి ఆలోచించరు. ఇక్కడ మేమిద్దరం అంబులెన్సు వద్దా కావాలా అని వాదించుకుంటూ ఇరవై నిమిషాలు పోగొట్టాం. ఆ ఇరవై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

నాకా కుడివైపు డ్రైవింగ్ రాదు. ఏం చేయాలో తోచక పక్కింటి తలుపు కొట్టాను. డెబ్బై ఏళ్ల అమెరికన్ పెద్దావిడ ఒక్కర్తే ఉంటుంది. అంతకు ముందు రెండుసార్లు పలకరించిందంతే. నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. ఇంట్లో చెప్పులతోనే వచ్చి కారు తీసింది. చెల్లిని ముందు కూర్చోబెట్టి, బాబుతో నేను వెనక కూర్చుంటే, పావుగంటలో ఎమర్జెన్సీ గుమ్మంలో దింపింది. మరిది వచ్చినా వెళ్లిపోలేదు. రాత్రి రెండింటి దాకా బాబుని ఎత్తుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

చెల్లికి వచ్చింది కాన్పు తర్వాత వచ్చే ప్రీఎక్లాంప్సియా అన్నారు. బీపీ గర్భంతో ఉన్నప్పుడే కాదు, కాన్పయ్యాక ఆరు వారాల లోపు ఎప్పుడైనా ఇలా పెరగొచ్చట. వదిలేస్తే ఫిట్స్ రావచ్చు, పక్షవాతం రావచ్చు, ప్రాణానికే ముప్పు. మెగ్నీషియం సెలైనులో ఎక్కించి, బీపీ మందులిచ్చి రెండు రోజులు ఉంచుకున్నారు. వైద్యానికి వంక పెట్టడానికి లేదు. నర్సులు కన్నకూతురిలా చూసుకున్నారు. ఇది చదివే చెల్లెళ్లు, తల్లులు ఒక్క మాట గుర్తుంచుకోండి. బాలింతకు తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, పైపొట్టలో నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి వాపు ఉంటే 'నిద్ర లేక' అని సరిపెట్టుకోకండి. ఎక్కడున్నా సరే, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి.

'ఇది బిల్లు కాదు'

పదిహేను రోజులకి పోస్టులో కవర్లు మొదలయ్యాయి. మొదటి కాగితం మీద పెద్దక్షరాలతో 'ఇది బిల్లు కాదు' అని ఉంది. బిల్లు కాకపోతే ఎందుకు పంపినట్టు? హాస్పిటల్ ఎంత అడిగిందో, ఇన్సూరెన్సు వాళ్లు ఎంత ఒప్పుకున్నారో, చెల్లి ఎంత కట్టాల్సి రావచ్చో చెప్పే కాగితమట అది. ఆ వెనక అసలు బిల్లులు. హాస్పిటల్‌ది ఒకటి, డాక్టరుది ఒకటి, రక్త పరీక్షలది ఇంకొకటి. ఇన్సూరెన్సు మొదలయ్యే ముందు ఏటా మన జేబులోంచి కొంత సొమ్ము కట్టాలి, దాన్ని డిడక్టబుల్ అంటారు. అది కాన్పు ఖర్చుకే నిండిపోయింది కాబట్టి సరిపోయింది. అయినా ఇన్సూరెన్సు పోను, కాన్పూ ఇదీ కలిపి చెల్లి వంతు నాలుగు వేల డాలర్లు దాటింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. డబ్బు లేదని ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లను తిప్పి పంపకూడదని అక్కడ 1986 నుంచీ చట్టం ఉంది. ఎమర్జెన్సీలో అనుకోని పెద్ద బిల్లులు వేయకుండా 2022 నుంచి ఇంకో కేంద్ర చట్టం వచ్చింది. విమానంలో తీసుకెళ్లే అంబులెన్సులను అందులో చేర్చారు. రోడ్డు మీద తిరిగే అంబులెన్సులను మాత్రం చేర్చలేదు! అంటే చెల్లి భయం వట్టి భయమేమీ కాదు.

2006లో బ్రిస్బేన్‌లో ప్రభుత్వాసుపత్రిలో మా అమ్మాయి పుట్టింది. ఇంటికెళ్లేటప్పుడు బిల్లు ఎక్కడ కట్టాలని మా ఆయన అడిగితే, రిసెప్షన్‌లో ఆమె నవ్వింది. ఆస్ట్రేలియాలో 1984 నుంచీ మెడికేర్ ఉంది. ఆదాయపు పన్నుతో పాటు ఇప్పుడు రెండు శాతం దానికి కడతాం, ప్రభుత్వాసుపత్రిలో వైద్యానికి డబ్బు అడగరు. అమెరికాలోనూ మెడికేర్ అనే పేరే ఉంది గానీ, అది ముఖ్యంగా 65 దాటినవాళ్లకి. అలాగని ఆస్ట్రేలియా స్వర్గమనుకోకండి. పన్ను నొప్పి వస్తే పెద్దవాళ్లకి మెడికేర్ పనికిరాదు, జేబుకి చిల్లే. అత్యవసరం కాని ఆపరేషనుకి నెలల తరబడి ఎదురుచూడాలి.

గుమ్మంలో గిన్నెలు

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. నేను పసిబిడ్డతో ఇంటికి వచ్చినప్పుడు ఆస్ట్రేలియా ప్రభుత్వం తరఫున మంత్రసాని ఇంటికొచ్చి చూసి వెళ్లింది. కానీ వీధిలో ఒక్కరూ తలుపు తట్టలేదు. కనిపిస్తే 'గుడ్ డే' అనేవారు, అంతే. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఈమెకి ఏ లోటూ లేదులే అనుకున్నారేమో.

చెల్లి హాస్పిటల్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో వేడి గిన్నె! పక్కింటి పెద్దావిడ వీధిలో అందరికీ చెప్పి, ఎవరు ఏ రోజు భోజనం ఇవ్వాలో పట్టిక వేసేసింది. మేం శాకాహారులమని తెలుసుకుని మరీ వండారు. చిక్కుళ్ల సూప్, జున్ను వేసిన పాస్తా, మొక్కజొన్న రొట్టె. మెక్సికో నుంచి వచ్చిన ఎదురింటామె అన్నం, నల్ల చిక్కుళ్లు తెచ్చి, బాబుకి దిష్టి తగలకుండా ఎర్ర దారం కట్టమంది. మన దిష్టి వాళ్లకీ ఉందన్నమాట! రెండు వారాలు మా ఇంట్లో రాత్రి పొయ్యి వెలగలేదు. ఇరవై ఒకటో రోజు బారసాలకి వాళ్లందరినీ పిలిచి పులిహోర, బూరెలు పెట్టాను. అమ్మ ఫోన్‌లోంచే ఉయ్యాల పాట పాడింది.

నవంబరు 5న అక్కడ ఎన్నికలు. మంగళవారం, పనిరోజు. ఆస్ట్రేలియాలో కేంద్ర ఎన్నికలు శనివారాల్లో పెడతారు. 1924 నుంచీ ఓటు తప్పనిసరి. వెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా. పోలింగు స్కూళ్ల దగ్గర సాసేజులు కాల్చి అమ్ముతుంటారు, తిరునాళ్లలా ఉంటుంది. అమెరికాలో పేరు నమోదు దగ్గర్నుంచి సెలవు చూసుకోవడం దాకా ఓటరే తంటాలు పడాలి. ఆ రోజు మా పక్కింటావిడ ఏం చేసిందో తెలుసా? నడవలేని ఇద్దరు ముసలివాళ్లను తన కారులో ఎక్కించుకుని తీసుకెళ్లి ఓటు వేయించుకొచ్చింది.

అప్పటికి నాకు ఆ దేశం కొంచెం అర్థమైంది. ప్రభుత్వం చూసుకుంటుందన్న ధీమా అక్కడ లేదు. అందుకే మనుషులు మనుషుల్ని చూసుకుంటారు. కారు ఆపి అడగడం, గిన్నె తెచ్చివ్వడం, అర్ధరాత్రి పరాయిబిడ్డను ఎత్తుకోవడం... అవన్నీ మంచితనమే. కానీ పక్కింట్లో ఆ పెద్దావిడ లేకపోతే? ఆ రోజు ఆమె ఊళ్లో లేకపోతే?

పన్నెండు వారాల లెక్క

నాకిచ్చిన గడువు 90 రోజులు. చెల్లికి చట్టం ఇచ్చిన గడువు 12 వారాలు, అంటే 84 రోజులు. 1993లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం యాభై మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో ఏడాది సర్వీసు ఉన్నవాళ్లకి కాన్పుకి ఈ సెలవు ఇవ్వాలి. ఉద్యోగం పోదు, ఇన్సూరెన్సు పోదు. జీతం మాత్రం ఉండదు! కాలిఫోర్నియా 2004 నుంచీ జీతంలో కొంత వచ్చే ఏర్పాటు చేసుకుంది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ చేశాయి. టెక్సాస్‌లో అలాంటిదేమీ లేదు. చెల్లికి కంపెనీ ఇన్సూరెన్సు కింద ఆరు వారాలు జీతంలో అరవై శాతం వచ్చింది. అది ఏ పద్దు కిందో తెలుసా? వైకల్యం పద్దు కింద! బిడ్డను కనడం వైకల్యమా అని అమ్మ ఒకటే బాధపడింది. "మన ఊళ్లో గవర్నమెంటు టీచరమ్మకి 180 రోజులు జీతంతో ఇస్తారే! అంత గొప్ప దేశంలో ఇదేమిటే?" అంది.

అమ్మ మాటలో నిజముంది. మన దేశంలో 2017 సవరణతో పది మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. అయితే పొలంలో, ఇళ్లలో, కూలికి పోయే తల్లులకి ఆ చట్టం అందడం లేదన్నదీ నిజమే. ఆస్ట్రేలియా కూడా ఈ విషయంలో ఆలస్యంగానే కళ్లు తెరిచింది. ప్రభుత్వమే కనీస వేతనం లెక్కన డబ్బిచ్చే సెలవు 2011లో 18 వారాలతో మొదలైంది. 2026 జూలై నుంచి 26 వారాలకు చేరేలా చట్టం చేశారు.

హాస్పిటల్ బిల్లులు, ఇంటి వాయిదాలు చూసుకుని చెల్లి తొమ్మిది వారాలకే ఆఫీసుకి వెళ్లింది. ఆఫీసులో పాలు తీసుకోవడానికి విరామం, బాత్రూము కాని వేరే గది ఇవ్వాలని 2022లో చట్టం మరింతమందికి వర్తింపజేశారు. ఆ గదికి రోజుకు మూడుసార్లు వెళ్లేది. సాయంత్రం సంచీలోంచి పాల ప్యాకెట్లు తీసి, తేదీ రాసి ఫ్రిజ్‌లో పేర్చేది. మొదటి రోజు పొద్దున చెప్పులు వేసుకుంటూ, "నువ్వున్నావు కాబట్టి వెళ్తున్నానక్కా" అంది. నేను లేని రోజు ఎలాగో ఇద్దరం పైకి అనలేదు.

థాంక్స్‌గివింగ్ పండుగకి పక్కింటావిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కళ్లూ ఈ ఏడు ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకుంటారో చెప్పడం వాళ్ల అలవాటు. నా వంతు వచ్చేసరికి నాకు మాట పెగల్లేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నానంతే. బాబుని డేకేర్‌లో చేర్చే రోజు డిసెంబరు 2. "మధ్యాహ్నం నేను వెళ్లి చూసొస్తాలే, నువ్వు నిశ్చింతగా విమానం ఎక్కు" అంది ఆవిడ.

ఇంటికొచ్చాక మూడు వారాలకి మా బ్రిస్బేన్ వీధిలో మూడో ఇంటి గేటుకి నీలం బెలూన్లు కనిపించాయి. కొత్తగా వచ్చిన ఆస్ట్రేలియన్ జంట. పేర్లు కూడా తెలీవు. "పిలవకుండా వెళ్తే ఏమనుకుంటారో" అన్నారు మా ఆయన. అనుకుంటే అనుకోనీ అని, కారం లేకుండా పప్పు, కొబ్బరన్నం చేసి గిన్నె పట్టుకెళ్లాను. తలుపు తీసిన పిల్ల జుట్టు రేగి ఉంది, కళ్ల కింద నలుపులు. గిన్నె అందుకుని, "మా అమ్మ పెర్త్‌లో ఉంటుంది" అంటూనే ఏడ్చేసింది.

లోపలికి వెళ్లి కూర్చున్నాను. ముందుగా అడిగింది ఒకటే, "తలనొప్పిగా ఏమైనా ఉందా అమ్మా?" అని.